మాట రావాలంటే ముందు వినపడాలి
పసిబిడ్డ చెవిని గమనించని ఇళ్ళలో చేజారుతున్న విలువైన నెలలు

ఖమ్మం జిల్లా మధిర వైపున ఒక పల్లె. మిరపకోతల రోజులు. ఊరి చివర రేకుల ఇంటి వరండాలో ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్నారు. పిల్లవాడికి ఏడో ఏడు నడుస్తోంది. చెల్లెలికి మూడేళ్ళు నిండి రెండు నెలలైంది. ఇద్దరి చెవుల వెనుకా చిన్న యంత్రాలున్నాయి. ఇద్దరూ పుట్టుకతోనే వినికిడి లేనివారు.

వీధిలో ఐసుబండి గంట మోగింది. చెల్లెలు చటుక్కున లేచి "అమ్మా, ఐసు బండి వచ్చింది, పైసలియ్యి" అంటూ లోపలికి పరుగెత్తింది. అన్న ఆమె వెనుకే వెళ్ళి తల్లి కొంగు పట్టుకుని "ఐచు... నాకు" అన్నాడు. ఆ రెండు మాటలకే అతని మెడ నరాలు బిగుసుకున్నాయి.

ఒకే తల్లి బిడ్డలు. లోపం ఒకటే. జరిగిన ఆపరేషను కూడా ఒకటే. మరి మాటలో ఇంత తేడా ఎందుకు వచ్చింది?

"వాణ్ణి మూడో ఏట చూపించినం. దీన్ని ఇరవై రెండో రోజున చూపించినం. అంతే తేడా" అని తల్లి ఈ విలేఖరితో అన్నది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె పెద్దవాడి వైపు చూడలేదు.

'ఉంగా' అన్నాడు కదా అనుకున్నారు

పెద్దవాడు పుట్టినప్పుడు ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. బిడ్డ బరువు బాగుంది. పుట్టగానే గట్టిగా ఏడ్చాడు. పాలు బాగా తాగాడు. మూడో నెలలో 'ఉంగా ఉంగా' అంటూ కాళ్ళూ చేతులూ ఆడించాడు. ఎదురుగా నిలబడి పలకరిస్తే బోసినోటితో నవ్వాడు. ఉయ్యాలలో వేసి జోల పాడితే నిద్రపోయాడు. "పాటకు నిద్రపోయిండో, ఊపుకు నిద్రపోయిండో మాకేమి తెలుసు?" అని తల్లి ఇప్పుడు బాధపడుతోంది.

అసలు మోసం ఇక్కడే ఉంది. వినికిడి లేని బిడ్డ కూడా మొదటి నెలల్లో అందరి పిల్లల లాగానే ఏడుస్తుంది, నవ్వుతుంది, ఉంగాలు కొడుతుంది. ఆ శబ్దాలు చేయడానికి చెవితో పని లేదు. అసలు తేడా ఆరో నెల దాటిన తరువాత బయటపడుతుంది. వినపడే బిడ్డ తన గొంతు తాను విని ముచ్చటపడి మళ్ళీ మళ్ళీ పలుకుతుంది. 'తాతాతా, మామామా, బాబాబా' అని వరుస కడుతుంది. వినపడని బిడ్డకు తన గొంతు తనకే తెలియదు కనుక ఆ వరుసలు సకాలంలో మొదలు కావు. అంతకు ముందున్న ఉంగాలూ క్రమంగా తగ్గిపోతాయి.

ఆ ఇంట్లో జరిగింది కూడా అదే. పక్కింటి పిల్ల ఎనిమిదో నెలలో 'అత్త, తాత' అంటుంటే వీడు మాత్రం నిశ్శబ్దంగా ఆడుకునేవాడు. "బుద్ధిమంతుడు, గోల చేయడు" అని చుట్టుపక్కల వాళ్ళు మెచ్చుకున్నారు. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే. వీళ్ళ నాయనకు నాలుగో ఏట వచ్చినయి" అని నాయనమ్మ ధైర్యం చెప్పింది. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాశారు. ఏడాదిన్నరకు నాలుక కింద నరం అడ్డుగా ఉందేమోనని ఎవరో అంటే దాన్నీ చూపించారు. మూడేళ్ళ దాకా చూద్దామని మరొకరు సలహా ఇచ్చారు.

చివరకు గుర్తించింది అంగన్‌వాడీ టీచరు. కథ చెబుతున్నప్పుడు పిల్లలందరూ ఆమె ముఖం చూసి నవ్వేవారు. వీడు మాత్రం పక్కపిల్లల ముఖాలు చూసి, వాళ్ళు నవ్విన తరువాత నవ్వేవాడు. రెండు రోజులు గమనించి ఆమె తల్లిని పిలిచి చెప్పింది. అప్పటికి పిల్లవాడికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. పరీక్ష చేయిస్తే రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపం ఉన్నట్లు తేలింది.

కడుపులోనే మొదలయ్యే చదువు

బిడ్డ మాట నేర్చుకోవడం ఏడాది నిండిన తరువాత మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. తొలి మాట పలకడం ఏడాది వయసులో జరిగితే, దానికి కావలసిన వినికిడి కడుపులో ఉన్నప్పుడే ఆరంభమవుతుంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంటుంది. వినికిడికి అదే మూలం. గర్భంలో ఐదో నెల నాటికే దాని నిర్మాణం పూర్తవుతుంది. ఆరు, ఏడు నెలల నుంచి బిడ్డ బయటి శబ్దాలకు కదులుతుంది. అన్నిటికన్నా దగ్గరగా వినిపించేది తల్లి గొంతే.

1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చక్కని పరీక్ష చేశారు. పుట్టి మూడు రోజులైనా కాని శిశువుల నోట్లో పాలపీక పెట్టారు. ఒక తీరులో చీకితే సొంత తల్లి గొంతు, మరో తీరులో చీకితే ఇంకొక స్త్రీ గొంతు వినిపించే ఏర్పాటు చేశారు. ఆ పసికందులు తల్లి గొంతు వినిపించే తీరులోనే ఎక్కువగా చీకారు. పురిటి మంచంలోని బిడ్డకు ఏం తెలుసు అనే మాట తప్పని దీనితో రుజువైంది.

మన తెలుగువారు మరింత ఆసక్తిగా వినవలసిన పరిశోధన 1984లో కెనడాలో జరిగింది. మనకు 'ట' వేరు, 'త' వేరు. హిందీలోనూ అంతే. ఇంగ్లీషు మాట్లాడేవారికి ఈ రెండిటి తేడా సరిగా చెవికి పట్టదు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రవేత్తలు ఇంగ్లీషు ఇళ్ళలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలకు ఈ రెండు శబ్దాలు వినిపించారు. ఆ పిల్లలు తేడా గుర్తించగలిగారు. అదే పది, పన్నెండు నెలల వయసు వచ్చేసరికి చాలామందికి ఆ శక్తి పోయింది. హిందీ ఇళ్ళలో పెరిగిన పిల్లల్లో మాత్రం అది నిలిచింది.

దీని అర్థమేమిటి? తొలి ఏడాదిలోనే పసి మెదడు తన ఇంటి భాషను ఏరుకుంటుంది. విన్న శబ్దాలకు దారి వేసుకుంటుంది. వినని వాటిని వదిలేస్తుంది. మరి ఏ శబ్దమూ వినపడని బిడ్డ మెదడు దేన్ని ఏరుకుంటుంది? అదను దాటిన తరువాత విత్తనం వేస్తే మొక్క రాదని కాదు, వస్తుంది. కానీ సకాలంలో వేసిన చేను దిగుబడి రాదు. చెవి విషయంలో అదను ఈ తొలి నెలలే.

నెల నెలా ఏం గమనించాలి?

తల్లులూ, అమ్మమ్మలూ, నాయనమ్మలూ ఈ వరుస గుర్తుంచుకుంటే చాలు.

మొదటి నెల నుంచి మూడు నెలల దాకా: దగ్గరలో పెద్ద చప్పుడైతే బిడ్డ ఉలిక్కిపడాలి, లేదా కళ్ళు ఆర్పాలి, లేదా తాగుతున్న పాలు ఒక్క క్షణం ఆపాలి. ఏడుస్తున్నప్పుడు తల్లి గొంతు వింటే కొంత సముదాయించుకోవాలి.

నాలుగు నుంచి ఆరు నెలల దాకా: గిలక్కాయ చప్పుడు ఎటు నుంచి వస్తే అటు కళ్ళు, తల తిప్పాలి. మనం మాట్లాడి ఆపితే, తన వంతు అన్నట్లు ఏదో ఒక శబ్దం చేయాలి.

ఏడు నుంచి తొమ్మిది నెలల దాకా: పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. 'బాబాబా, తాతాతా' అనే వరుసలు రావాలి. మన భాషలో అమ్మ, అత్త, తాత, అక్క అన్నీ పసినోటికి సులువుగా పలికే మాటలే.

పది నెలల నుంచి ఏడాది దాకా: 'బువ్వ', 'లాల', 'జేజి' వంటి మాటలు అర్థం కావాలి. 'జేజి ఏది?' అంటే పటం వైపు చూడాలి. టాటా చెప్పమంటే చెయ్యి ఊపాలి. ఏడాదికి అటూ ఇటూగా తొలి మాట రావాలి.

ఏడాదిన్నరకు: కొన్ని మాటలైనా సొంతంగా పలకాలి. చేతితో సైగ చేయకుండా నోటితో చెప్పిన చిన్న పని చేయాలి. 'చెప్పులు తే' అంటే తేవాలి.

రెండేళ్ళకు: 'అమ్మ రా', 'పాలు కావాలి' అని రెండు మాటలు కలిపి చెప్పాలి.

పిల్లలందరూ ఒకే రోజున నడవరు, ఒకే రోజున మాట్లాడరు. కొద్ది వారాల తేడా ఉంటే కంగారు పడనక్కరలేదు. కానీ పిలుపుకు తిరగని బిడ్డనూ, తొమ్మిది నెలలైనా వరుసలు కట్టని బిడ్డనూ, ఉన్న శబ్దాలు తగ్గిపోతున్న బిడ్డనూ 'చూద్దాంలే' అని వదిలేయకూడదు. వెంటనే పరీక్ష చేయించాలి.

చప్పట్లను నమ్మవద్దు

"తలుపు గట్టిగా వేస్తే చూసేవాడు. అందుకే చెవుడనుకోలేదు" అని పై పిల్లల తండ్రి వాపోయాడు. ఇంట్లో చేసే పరీక్షల్లో ఉన్న చిక్కు ఇదే. తలుపు గట్టిగా మూస్తే నేల అదురుతుంది. వెనుక నిలబడి చప్పట్లు కొడితే గాలి తగులుతుంది, నీడ కదులుతుంది. స్టీలు పళ్ళెం కింద పడితే మంచం కోడు దాకా అదురు వస్తుంది. వినపడని బిడ్డలకు కన్ను, చర్మం మరింత చురుకుగా పనిచేస్తాయి. వాళ్ళు చూసి, తాకి తెలుసుకుంటారు. పెద్దలు వినపడిందని సంతోషిస్తారు.

ఇంకొక సంగతి. కొందరు పిల్లలకు పూర్తి చెవుడు ఉండదు. లారీ హారను, ఉరుము వినపడతాయి, కానీ మనిషి మాటలోని సన్నని శబ్దాలు చేరవు. 'స', 'త', 'ప' వంటివి పోతాయి. అటువంటి బిడ్డ పిలిస్తే పలుకుతుంది, అయినా మాటలు సరిగా రావు. ఈ లోపాన్ని చప్పట్లతో ఎవరూ కనిపెట్టలేరు. దానికి యంత్రంతో చేసే పరీక్ష ఒక్కటే మార్గం.

సూది లేదు, నొప్పి లేదు

లోపలి చెవి శబ్దాన్ని అందుకోవడమే కాదు, తానూ సన్నని ప్రతిధ్వని వంటి శబ్దం చేస్తుంది. ఈ విషయాన్ని 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త నిరూపించారు. దాని ఆధారంగానే నేడు పసిపిల్లల చెవులు పరీక్షిస్తున్నారు. ఓఏఈ అని పిలిచే ఈ పరీక్షలో బిడ్డ చెవిలో మెత్తని చిన్న బిరడా పెడతారు. యంత్రం చిన్న శబ్దం పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని కొలుస్తుంది. బిడ్డ పాలు తాగి నిద్రపోతుంటే చాలు. కొద్ది నిమిషాల పని.

మొదటిసారి ఫలితం సరిగా రాకపోతే గుండె బాదుకోనక్కరలేదు. పురిటి ద్రవం చెవిలో మిగిలినా, బిడ్డ కదిలినా అలా రావచ్చు. మళ్ళీ చేయించాలి. రెండోసారీ అలాగే వస్తే బేరా అనే పరీక్ష చేస్తారు. తల మీద చిన్న బిళ్ళలు అంటించి, శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూస్తారు. ఇందులోనూ నొప్పి ఉండదు.

ఒకటి, మూడు, ఆరు అనే లెక్కను వైద్యులు చెబుతారు. నెలలోపు తొలి పరీక్ష జరగాలి. మూడు నెలల్లోపు లోపం ఉన్నదీ లేనిదీ తేలిపోవాలి. ఆరు నెలల్లోపు వినికిడి యంత్రం, శిక్షణ మొదలు కావాలి. ఆరు నెలలనే ఎందుకు చెబుతున్నారంటే, 1998లో అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా ఇటానో బృందం 150 మంది పిల్లలను పరిశీలించింది. ఆరు నెలల లోపల లోపం బయటపడిన పిల్లలు, ఆ తరువాత బయటపడిన పిల్లల కన్నా భాషలో బాగా ముందున్నారు. చెవుడు కొద్దిగా ఉన్నా, ఎక్కువగా ఉన్నా ఇదే ఫలితం కనిపించింది.

పుట్టినప్పుడు పరీక్షలో గట్టెక్కినంత మాత్రాన జీవితకాలం భరోసా లేదు. తరువాత మెదడువాపు జ్వరం, తట్టు, గవదబిళ్ళలు వచ్చినా, తల మీద గట్టి దెబ్బ తగిలినా వినికిడి పోవచ్చు. కొన్ని వంశపారంపర్య లోపాలు నెమ్మదిగా బయటపడతాయి. అందుకే నెల నెలా గమనించడం మానకూడదు.

మేనరికం, తట్టు, పసిరికలు

పుట్టే ప్రతి వెయ్యి మంది శిశువుల్లో కనీసం ఒకరి నుంచి ముగ్గురికి శాశ్వతమైన వినికిడి లోపం ఉంటుందని ప్రపంచ దేశాల అనుభవం. మన ప్రాంతంలో దీనికి మేనరికం ఒక ముఖ్య కారణం. పైన చెప్పిన దంపతులూ మేనత్త మేనమామ పిల్లలే. చెవుడు కలిగించే జన్యులోపం తల్లిలో ఒక పాలు, తండ్రిలో ఒక పాలు దాగి ఉండవచ్చు. వాళ్ళిద్దరికీ బాగా వినపడుతుంది. కానీ ఆ రెండూ బిడ్డకు చేరితే చెవుడు వస్తుంది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ఆ ప్రమాదం ఉంటుంది. ఒక బిడ్డకు వచ్చింది కనుక రెండో బిడ్డకు రాదని లెక్క వేయడం తప్పు. అలాగని తల్లిని నిందించడం మరీ తప్పు. ఇందులో ఇద్దరి పాలూ సమానం.

గర్భిణికి తొలి నెలల్లో రుబెల్లా అనే జ్వరం, దద్దుర్లు వస్తే బిడ్డ కళ్ళకు, గుండెకు, చెవులకు ముప్పు. ఈ జబ్బుకూ పుట్టుకతో వచ్చే శుక్లాలకూ సంబంధం ఉన్నదని 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడు గుర్తించారు. చెవుడు సంగతి ఆ తరువాత తేలింది. మన దేశంలో 2017 నుంచి తట్టుతో పాటు రుబెల్లాకూ కలిపి టీకా వేస్తున్నారు. తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో రెండోది. ఈ టీకా వేయించుకున్న ఆడపిల్ల రేపు తల్లి అయినప్పుడు ఆమె బిడ్డ చెవి కూడా కాపాడబడుతుంది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు, బాగా తక్కువ బరువున్నవారు, పుట్టగానే ఏడవనివారు, పసిరికలు ఎక్కువై రక్తం మార్చవలసి వచ్చినవారు, చాలా రోజులు శిశు వైద్య విభాగంలో ఉన్నవారు తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి. పిల్లల్లో వినికిడి లోపం కేసులు నూటికి 60 దాకా నివారించదగిన కారణాల వల్లనే వస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించింది. చెవిలో చీము కూడా అందులో ఒకటి. పల్లెల్లో చీము కారే చెవిని ఎవరూ పట్టించుకోకపోవడం శోచనీయం. కాచిన నూనె, ఆకుపసరు, తల్లిపాలు పోయడం వల్ల చెవి బాగుపడదు, మరింత చెడుతుంది.

వస గురించి కూడా చెప్పాలి. గలగలా మాట్లాడేవారిని వసపిట్ట అనడం మన అలవాటు. కానీ వసకొమ్ము వినపడని చెవిని తెరవలేదు. నాలుక కింద నరం కోసినంత మాత్రానా మాట రాదు. మూగ అని మనం పిలిచే పిల్లల్లో చాలామంది గొంతు, నాలుక నిక్షేపంగా ఉంటాయి. లేనిది వినికిడి మాత్రమే.

ఎక్కడికి వెళ్ళాలి?

ఆశా కార్యకర్త పుట్టిన బిడ్డను మూడో రోజు, ఏడో రోజు మొదలుకొని నలభై రెండో రోజు దాకా ఇంటికి వచ్చి చూడాలి. వినికిడి సంగతి ఆమెను అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడును కూడా చేర్చారు. ఆ వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వస్తాయి. లోపం ఉన్న పిల్లలను జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆస్పత్రి ఉంది. 1983లో ముంబయిలో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. పరీక్ష, యంత్రం, మాట శిక్షణ అన్నీ అక్కడ ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసిన హైదరాబాదీ పేరు మీదనే ఆ సంస్థ నడుస్తుండడం విశేషం.

లోపం కొద్దిగా ఉంటే చెవి యంత్రం సరిపోతుంది. నెలల బిడ్డకు కూడా పెట్టవచ్చు. తీవ్రంగా ఉంటే కాక్లియర్ ఇంప్లాంట్ అనే ఆపరేషను చేస్తారు. చెవి లోపల సన్నని తీగ అమర్చి, శబ్దాన్ని నేరుగా నరానికి అందిస్తారు. చాలా ఖరీదైన ఆపరేషను. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద ఎందరో పేద పిల్లలకు ఇది ఉచితంగా జరిగింది. అయితే దీనికి వయసు నిబంధన ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గడమే కాదు, అర్హత కూడా పోవచ్చు. వివరాలను ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

ఆపరేషనుతో పని పూర్తి కాదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. బిడ్డకు శబ్దం అంటే ఏమిటో, ఏ శబ్దం ఎవరిదో మొదటి నుంచి నేర్పాలి. దానికి ఏడాదికి పైగా శిక్షణ కావాలి. పై దంపతులు పెద్దవాడిని తీసుకుని వారానికొకసారి రైలెక్కేవారు. నాట్లప్పుడు, కోతలప్పుడు కొన్ని వారాలు తప్పాయి. కూలి పోయింది. గ్యారంటీ గడువు దాటిన తరువాత యంత్రం చెడిపోతే బాగుచేయించడానికి అప్పు చేశారు. ఈ కష్టాలు ముందే తెలుసుకుని దిగడం మంచిది.

ఏ యంత్రంతోనూ మాట రాని పిల్లలు కొందరు ఉంటారు. వారికి భాష లేకుండా పోకూడదు. సైగల భాష కూడా సంపూర్ణమైన భాషే. సైగలతో మాట్లాడే బధిర తల్లిదండ్రుల బధిర పిల్లలు చేతులతో తప్పటడుగుల మాటలు ఆడుకుంటారని 1991లో కెనడాలో కనుగొన్నారు. బిడ్డకు కావలసింది తొలి ఏళ్ళలో ఒక భాష. అది చెవి ద్వారా రాకపోతే కంటి ద్వారానైనా రావాలి.

వినపడే బిడ్డకూ మాట పెట్టాలి

చెవి బాగున్న బిడ్డకు మాట దానంతట అదే రాదు. బువ్వ పెట్టినట్లు మాటా పెట్టాలి. కాళ్ళ మీద వేసుకుని లాల పోస్తూ "ఇదిగో చెయ్యి, ఇదిగో బొజ్జ" అని చెప్పే నాయనమ్మ ఏ బడికీ తీసిపోని గురువు. పసివాళ్ళతో రాగం తీసి, సాగదీసి మాట్లాడడం పిచ్చిచేష్ట కాదు. ఆ రాగమే బిడ్డ చెవిని మాట వైపు లాగుతుందని పరిశోధకులూ ఒప్పుకుంటున్నారు. బిడ్డ 'ఊ' అంటే మనమూ 'ఊ' అనాలి. తన వంతుకు ఎదురు చూడాలి.

సెల్‌ఫోను ఆ పని చేయలేదు. బిడ్డ 'ఊ' అన్నా ఫోను తిరిగి పలకదు. రెండేళ్ళలోపు పిల్లలకు బొమ్మల తెర చూపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అన్నం తింటాడని ఫోను చేతికిస్తున్న ఇళ్ళు మన ఊళ్ళలోనూ పెరిగాయి.

తండాల్లో, కోయ గూడేల్లో కొందరు తల్లులు ఇంటి భాష మానేసి వచ్చీ రాని తెలుగులో బిడ్డతో మాట్లాడుతున్నారు. రెండు భాషలు కలిస్తే మాట ఆలస్యమవుతుందని భయం. ఆ భయం అక్కరలేదు. లంబాడీ వచ్చిన తల్లి లంబాడీలో, కోయ వచ్చిన తల్లి కోయలో తనివితీరా మాట్లాడవచ్చు. రెండు భాషలు విన్న బిడ్డ రెండూ నేర్చుకుంటుంది.

ప్రతి కాన్పు ఆస్పత్రిలో జరగాలి ఈ పరీక్ష

రెండో కాన్పు అయినప్పుడు ఆ తల్లి మొదట అడిగిన ప్రశ్న ఆడా మగా అని కాదు. "చెవి పరీక్ష ఎప్పుడు చేస్తరు?" అని. కాన్పు జరిగిన చోట ఆ యంత్రం లేదు. బారసాల మరునాడే, ఇరవై రెండో రోజున పొత్తిళ్ళ బిడ్డను ఎత్తుకుని ఆమె రైలెక్కింది. పచ్చి బాలింత ప్రయాణం చేయకూడదని ఇంట్లో అందరూ అడ్డు చెప్పారు. ఆమె వినలేదు. మూడో నెలకు లోపం నిర్ధారణ అయింది. ఐదో నెలలో చెవి యంత్రం పెట్టారు. ఏడాది దాటగానే ఆపరేషను జరిగింది. ఆ బిడ్డే నేడు ఐసుబండి గంట వింటోంది.

బాలింతకు ఆ ప్రయాణం తప్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. కాన్పులు జరిగే ప్రతి ఆస్పత్రిలో ఈ పరీక్ష యంత్రం, దాన్ని నడిపే మనిషి ఉండాలి. తల్లీ బిడ్డల కార్డులో టీకాలతో పాటు చెవి పరీక్ష తేదీని కూడా రాయాలి. పరీక్ష జరగకుండా బిడ్డను ఇంటికి పంపకూడదు. సంబంధిత అధికారులు ఈ విషయంలో శ్రద్ధ వహించవలసి ఉంది. అంతవరకు ఎదురు చూడకుండా, ఇంట్లో పసిబిడ్డ ఉన్న ప్రతివారూ ఈ వారమే ఆశా కార్యకర్తను అడగాలి.

ఈ విలేఖరి బయలుదేరుతుంటే తల్లి పెద్దవాణ్ణి దగ్గరకు తీసుకుని, ముఖం ఎదురుగా కూర్చుని, "పో...యి...రా అను" అని నెమ్మదిగా చెప్పింది. వాడు ఆమె పెదవుల వైపు చూస్తూ రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి "పోయ్‌లా" అన్నాడు. చెల్లెలు పక్కనుంచి "పోయిలా కాదు అన్నా, పోయిరా" అని దిద్దింది. వాడు ఆమె వైపు తిరిగి మళ్ళీ ప్రయత్నించాడు.